బొమ్మ మీద నేర్చిన ప్రాణరక్షణ
హృద్రోగ చికిత్సలో నర్సింగు విద్య చరిత్ర

ఆస్పత్రి వార్డులో ఒక రోగి పడుకొని ఉన్నాడు. ముందురోజు అతనికి గుండెపోటు వచ్చినది. ఇప్పుడు నొప్పి తగ్గినది. ప్రక్క మంచం మీది వానితో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి మాట ఆగిపోయినది. కళ్ళు తేలవేశాడు. నాడి చేతికి అందడం లేదు. డాక్టరు వేరొక భవనంలో ఉన్నాడు. ఆయనకు కబురు వెళ్ళాలి, ఆయన లేచి రావాలి. ఎంత తొందరగా వచ్చినా కొన్ని నిమిషాలు పడుతుంది. కాని రక్తం అందకపోతే మెదడుకు నాలుగైదు నిమిషాలలోనే శాశ్వతమైన నష్టం మొదలవుతుంది. ఆ సమయంలో మంచం ప్రక్కన ఉన్నది నర్సు ఒక్కతే. ఆమె ఏమి చేయాలి?

1960కి పూర్వం ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే: డాక్టరును పిలవాలి. అంతకు మించి ఆమెకు అధికారమూ లేదు, సాధనమూ లేదు. పది సంవత్సరాలు తిరిగేసరికి జవాబు పూర్తిగా మారిపోయినది. గుండె ఏ విధంగా ఆగినదో యంత్రంలో చూచి గుర్తించి, డాక్టరు వచ్చేలోగా విద్యుద్ఘాతం ఇచ్చి దానిని తిరిగి నడిపించే పని నర్సు చేతికి వచ్చినది. ఈ మార్పు ఒక్క యంత్రం వలన వచ్చినది కాదు, ఒక్క మందు వలన వచ్చినది కాదు. నేర్పే పద్ధతి మారడం వలన వచ్చినది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేయవలసిన పనిని, ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా ముందుగానే చేతులకు అలవాటు చేయడం ఎట్లా అన్నదే ఈ చరిత్రలోని అసలు సమస్య.

గుండె ఎందుకు ఆగుతుంది?

గుండె పిడికిలి ప్రమాణంలో ఉండే కండరం. పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు అని దానిలో నాలుగు గదులు ఉన్నవి. కుడి కర్ణికలోని ఒక చిన్న కణసముదాయంలో సన్నని విద్యుత్ ప్రేరణ పుట్టి, ఒక క్రమంలో క్రిందికి ప్రాకుతుంది. ఆ ప్రేరణ సోకిన కండరం ముడుచుకుంటుంది. విశ్రాంతిగా ఉన్న మనిషిలో ఇది నిమిషానికి సుమారు 70 సార్లు జరుగుతుంది.

శరీరమంతటికీ రక్తాన్ని పంపే గుండెకు కూడా రక్తం కావాలి. దానిని అందించేవి హృద్ధమనులు. లోపలి గోడలకు క్రొవ్వు పేరుకొని ఇరుకైన హృద్ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడితే, ఆ ధమని పోషించే కండరభాగానికి ప్రాణవాయువు అందదు. అదే గుండెపోటు. కండరంలో కొంత భాగం చచ్చిపోయినా మిగిలిన భాగంతో మనిషి బ్రతకవచ్చును. కాని దెబ్బతిన్న కండరం మరొక ప్రమాదం తెచ్చిపెడుతుంది. విద్యుత్ ప్రేరణలు క్రమం తప్పి, జఠరికల కండరపు పోగులన్నీ ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు విడివిడిగా అదరడం ప్రారంభిస్తవి. దీనిని జఠరికా ప్రకంపనం అంటారు. గుండె కదులుతూనే ఉంటుంది, కాని రక్తం బొట్టు కూడా ముందుకు పోదు. గుండెపోటు వచ్చిన తొలి గంటలలో జరిగే ఆకస్మిక మరణాలలో ఎక్కువ భాగం ఈ ప్రకంపనం వలననే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఇటువంటి మరణాలలో చాలావాటికి కారణం గుండె పూర్తిగా పాడైపోవడం కాదు. దాని తాళం తప్పడం. తప్పిన తాళాన్ని సరిచేయగలిగితే అదే గుండె మరల ఏండ్ల తరబడి పని చేయగలదు. కాని ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి ఏడు మొదలు పది వంతుల చొప్పున తగ్గిపోతుంది. కాబట్టి వైద్యం ఎంత గొప్పదన్నదానికంటే ఎంత దగ్గరలో ఉన్నదన్నదే ముఖ్యం. రోగికి అందరికంటే దగ్గరలో ఉండేది నర్సు.

గుమ్మడికాయ నుండి గుడ్డబొమ్మ దాకా

ప్రాణం లేని వస్తువు మీద అభ్యాసం చేసి, తరువాత రోగిని తాకాలి అన్న నియమం క్రొత్తది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయం ఇందుకే ప్రత్యేకింపబడినది. శాస్త్రమంతా చదివినా చేతితో అభ్యాసం చేయనివాడు చికిత్సకు తగడని అందులో చెప్పబడినది. కోత నేర్చుకొనడానికి గుమ్మడి, సొర, దోస వంటి కాయలు. చీల్చడం నేర్చుకొనడానికి నీటితో నింపిన తోలుసంచులు. సిరలలో గ్రుచ్చడానికి చచ్చిన జంతువుల సిరలు, తామర తూడులు. కుట్లు వేయడానికి గుడ్డ, మెత్తని తోలు. కట్లు కట్టడానికి గుడ్డతో చేసిన మనిషి బొమ్మ వాడవలెనని సుశ్రుతుడు విధించాడు.

ఆధునిక నర్సింగు విద్యకు పునాది 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో పడినది. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుతో ప్రారంభమైన ఆ పాఠశాలను చూచి ఇతర దేశాలలోనూ ఆస్పత్రులు నర్సింగు పాఠశాలలు పెట్టినవి. ఐతే చాలాచోట్ల విద్యార్థినులు నేర్చుకొనేది నేరుగా రోగుల మీదనే. మొదటిసారి ఒక రోగిని ప్రక్కకు త్రిప్పడం, మొదటిసారి సూది గ్రుచ్చడం, అన్నీ బాధలో ఉన్న మనిషి మీదనే జరిగేవి. నేర్చుకొనేవారి తడబాటుకు వెల చెల్లించేవాడు రోగి.

ఈ లోపం అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగు పాఠశాల అధ్యక్షురాలు లాడర్ సదర్లండ్‌ను ఆలోచింపజేసినది. అక్కడికి దగ్గరలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, పాటకెట్ పట్టణంలో మార్తా జెంకిన్స్ చేజ్ అనే ఆమె పిల్లల కోసం గుడ్డబొమ్మలు తయారుచేసి అమ్మేది. అల్లిక గుడ్డను బిగించి, దానిపై నూనె రంగులు వేసి చేసిన ఆ బొమ్మలను కడగవచ్చును, అవి పగలవు. నిలువెత్తు మనిషి బొమ్మను చేసి ఇవ్వవలసినదిగా సదర్లండ్ ఆమెను కోరినది. 1911లో ఆ బొమ్మ పాఠశాలకు వచ్చినది. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. కీళ్ళు అటూ ఇటూ వంగుతవి. విద్యార్థినులు దానికి పెట్టుకొన్న పేరు ‘మిసెస్ చేజ్’. పక్క మార్చడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం దాని మీద నేర్చుకొన్నారు. 1914 నాటికి దాని చేతిలో సూది మందు ఎక్కించే చోటు, లోపల నీరు నిలువ ఉండే తొట్టి ఏర్పడినవి. తరువాత దశాబ్దాలలో ఇటువంటి బొమ్మలు అనేక నర్సింగు పాఠశాలలకు చేరినవి.

మిసెస్ చేజ్ ఎంతో మేలు చేసినది. కాని దానికి గుండె లేదు. అప్పటి నర్సింగుకు గుండె ఉన్న బొమ్మతో పని కూడా లేదు. ఆగిన గుండెను నడిపించవచ్చునన్న ఊహ అప్పటికి ఆస్పత్రి వార్డులోనికి రాలేదు.

రెండు చేతులు, ఒక విద్యుద్ఘాతం

హాలెండ్ దేశస్థుడైన విలెం ఐంథోవెన్ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో గుండె పుట్టించే సూక్ష్మ విద్యుత్తును గీతలుగా నమోదు చేసే సాధనాన్ని నిర్మించాడు. అదే నేటి ఇ.సి.జి.కి మూలం. ఇందుకు 1924లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. గుండె తాళం తప్పడం ఎట్లా ఉంటుందో కంటితో చూడడం దీనితో సాధ్యమైనది. సరిచేయడం మాత్రం చాలాకాలానికి గాని సాధ్యం కాలేదు.

1947లో క్లీవ్‌లండ్ నగరంలో క్లాడ్ బెక్ అనే శస్త్రవైద్యుడు, ఆపరేషను బల్ల మీద ప్రకంపనంలో పడిపోయిన 14 ఏండ్ల బాలుని గుండెకు నేరుగా విద్యుద్ఘాతం ఇచ్చి బ్రతికించాడు. కాని ఇందుకు ఛాతీ తెరిచి ఉండాలి. 1956లో బోస్టన్ నగరంలో పాల్ జోల్, ఛాతీ తెరవకుండానే పైనుండి విద్యుద్ఘాతం ఇవ్వవచ్చునని చూపాడు. 1962లో బెర్నార్డ్ లౌన్ ఇందుకు ఏకముఖ విద్యుత్తును వాడే పద్ధతిని ప్రకటించాడు. అది ఎక్కువ క్షేమకరమని తేలినది.

ఐతే యంత్రం వచ్చేదాకా మెదడును బ్రతికించి ఉంచడం ఎట్లా? దీనికి జవాబు బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, ఒక విధంగా అనుకోకుండా దొరికినది. అక్కడ విలియం కౌవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరు కుక్కల మీద ప్రయోగాలు జరుపుతున్నాడు. ఆయన వద్ద పనిచేస్తున్న గై నికర్‌బాకర్, బరువైన విద్యుత్ ఫలకాలను కుక్క ఛాతీ మీద నొక్కినప్పుడల్లా రక్తపోటు కొద్దిగా పెరగడం గమనించాడు. విద్యుత్తు పారకముందే అది పెరుగుతున్నది! అంటే కేవలం నొక్కుడు వలననే రక్తం కదులుతున్నదన్నమాట. వీరిద్దరూ జేమ్స్ జూడ్ అనే శస్త్రవైద్యునితో కలిసి 1960 జులైలో తమ ఫలితాలను ప్రకటించారు. ఛాతీ మధ్య ఎముక మీద లయబద్ధంగా నొక్కుతూ ఉంటే ఆగిన గుండె నుండి కూడా కొంత రక్తం ప్రవహిస్తుంది. దీనికి రెండు చేతులు చాలు, యంత్రమేదీ అక్కరలేదు. అదే నగరంలో పీటర్ సఫార్ అనే మత్తువైద్యుడు నోటితో నోటిలోనికి గాలి ఊదే పద్ధతి పాత పద్ధతులకంటె మేలైనదని అంతకు కొద్దిగా ముందే నిరూపించి ఉన్నాడు. ఈ రెండూ కలిసి నేటి హృదయ-శ్వాస పునరుజ్జీవన పద్ధతి ఏర్పడినది.

పద్ధతి తెలిసినది. కాని దీనిని నేర్పడం ఎట్లా? ఆరోగ్యవంతుని ఛాతీ మీద అంత బలంగా నొక్కి అభ్యాసం చేస్తే పక్కటెముకలు విరగవచ్చును, గుండె తాళం తప్పవచ్చును. చదివినంత మాత్రాన చేతికి వచ్చే విద్య కాదిది.

సముద్రతీరపు బొమ్మలవాడు

ఈ చిక్కును విడదీసినవాడు వైద్యుడు కాదు, బొమ్మల వ్యాపారి. నార్వే దేశపు స్టవాంగర్ రేవుపట్టణంలో ఆస్మండ్ లార్డాల్ మెత్తని ప్లాస్టిక్‌తో పిల్లల బొమ్మలు, ఆటబండ్లు తయారుచేసేవాడు. ఆయన చిన్న కుమారుడు ఒకసారి నీటిలో మునిగి చావు అంచుదాకా వెళ్ళగా తండ్రియే బయటికి లాగి బ్రతికించాడు. నోటితో గాలి ఊదే పద్ధతిని నేర్పడానికి ఒక బొమ్మ కావాలని నార్వే మత్తువైద్యుడు బ్యోర్న్ లిండ్ ఆయనను సంప్రదించినప్పుడు ఆ తండ్రికి దాని విలువ వేరుగా చెప్పవలసిన పని లేకపోయినది. పీటర్ సఫార్ సలహా మీద బొమ్మ ఛాతీలో ఒక స్ప్రింగు కూడా అమర్చబడినది. దానితో గాలి ఊదడమే కాక ఛాతీ నొక్కడం కూడా నేర్చుకొనవచ్చును.

1960లో వెలువడిన ఈ బొమ్మ పేరు ‘రిససీ ఆన్’. పందొమ్మిదవ శతాబ్ది చివర పారిస్‌లోని సేన్ నదిలో దొరికిన పేరు తెలియని యువతి ముఖం నుండి తీసినదని చెప్పుకొనే ఒక ముఖపు అచ్చు అప్పట్లో ఐరోపా ఇండ్లలో అలంకారంగా వ్రేలాడుతుండేది. ఆ ప్రశాంతమైన ముఖాన్నే లార్డాల్ తన బొమ్మకు పెట్టాడు. భయం పుట్టించని ముఖమైతే నేర్చుకొనేవారు వెనుకాడరని ఆయన భావన. 1960 తరువాత తొలి సంవత్సరాలలోనే నార్వే పాఠశాలల్లో పిల్లలకు కూడా దీనితో శిక్షణ మొదలైనది.

హృద్రోగ వార్డు, రోజ్ పినియో

ఒకవైపు ఈ బొమ్మ తయారవుతుండగా, మరొకవైపు ఆస్పత్రులలో ఒక క్రొత్త ఆలోచన వచ్చినది. 1961లో బ్రిటన్‌లో డెస్మండ్ జూలియన్ ఒక ప్రతిపాదన చేశాడు. గుండెపోటు రోగులను అన్ని వార్డులలో చెదరగొట్టక, ఒకచోట చేర్చి, ఎల్లవేళలా ఇ.సి.జి. చూస్తూ ఉండే ఏర్పాటు చేయాలి; అక్కడ పునరుజ్జీవనం తెలిసిన సిబ్బంది ఉండాలి. 1962 మే నెలలో అమెరికాలోని కాన్సస్ నగరంలో, బెథనీ ఆస్పత్రిలో హ్యూస్ డే అటువంటి వార్డును తెరిచాడు. 1963 నాటికి ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటీరియన్ ఆస్పత్రిలో లారెన్స్ మెల్ట్‌జర్ నాయకత్వాన మరొకటి పనిచేయసాగినది.

ఫిలడెల్ఫియా ప్రయత్నంలోని ప్రత్యేకత ఏమంటే, అది మొదటి నుండి నర్సు కేంద్రంగా అల్లిన పథకం. మెల్ట్‌జర్ తర్కం సరళమైనది: ఏ ఆస్పత్రిలోనైనా ప్రతి మంచం ప్రక్కన రాత్రింబవళ్ళు డాక్టరును నిలబెట్టడం సాధ్యం కాదు. నర్సు ఎట్లాగూ అక్కడనే ఉంటుంది. కాబట్టి ఆమెకే గుర్తించే విద్య, చికిత్స చేసే అధికారం రెండూ ఇవ్వాలి. ఈ పరిశోధనలో నర్సింగు బాధ్యత వహించినది రోజ్ పినియో. ఆ తరువాత ఆమె న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయపు నర్సింగు విభాగంలో ఆచార్య పదవి నిర్వహించినది.

ఆనాటి ఆచారాన్ని గుర్తుంచుకొంటే ఇది ఎంత సాహసమో అర్థమవుతుంది. రోగ నిర్ణయం డాక్టరుది. ఆజ్ఞను పాటించడం నర్సుది. రోగి గుండె ఏ స్థితిలో ఉన్నదో నర్సు నిర్ణయించడం, ఆ నిర్ణయాన్ని బట్టి ఒంటరిగా విద్యుద్ఘాతం ఇవ్వడం పలువురికి హద్దు మీరిన పనిగా తోచినది. పొరపాటు జరిగితే న్యాయస్థానంలో ఎవరు జవాబు చెప్పాలి? ఇంత బరువును మోయడానికి నర్సులు తామే ఒప్పుకొంటారా? ఈ సందేహాలకు వాదన కంటే బోధనయే సమాధానమని ఆ బృందం నమ్మినది.

ఆ బోధన ఎట్లా ఉండేది? 1965లో మెల్ట్‌జర్, పినియో, కిచెల్ అనే ముగ్గురు కలిసి హృద్రోగ తీవ్ర చికిత్సను గూర్చి ప్రత్యేకంగా నర్సుల కోసమే ఒక పుస్తకం ప్రచురించారు. దీనికి తరువాత ఎన్నో ముద్రణలు వచ్చినవి. గుండె నిర్మాణం, గుండెపోటు వలన కలిగే చిక్కులు, ఇ.సి.జి. గీతలను చదివే విధం, ఒక్కొక్క తాళభంగం ఎంత ప్రమాదకరమో, దానికి తక్షణం ఏమి చేయాలో అందులో వరుసగా బోధింపబడినవి.

ఇ.సి.జి. పాఠం ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించేది. మామూలు గీతలో మొదట ఒక చిన్న గుబ్బ కనిపిస్తుంది. ఇది కర్ణికలు ముడుచుకొనే ముందు వచ్చే ‘పి’ తరంగం. తరువాత సూదిగా లేచి పడే ‘క్యు.ఆర్.ఎస్.’ జఠరికలకు సంబంధించినది. చివర వచ్చే గుండ్రని ‘టి’ తరంగం జఠరికలు తిరిగి సిద్ధమవుతున్నవని తెలుపుతుంది. ఈ మూడింటి వరుస, మధ్య దూరం స్థిరంగా ఉంటే తాళం సరిగా ఉన్నట్లు. ‘పి’ లేకుండా, వేళకు ముందే, వెడల్పుగా ఒక తరంగం పడితే జఠరిక తనంతట తాను ముడుచుకొన్నదన్నమాట. అటువంటివి వరుసగా వేగంగా వస్తే అపాయం దగ్గరపడినట్లు. తరంగాల ఆకారమే పోయి, పిల్లవాడు పలక మీద గీసిన పిచ్చిగీతల వలె కనిపిస్తే అది ప్రకంపనం. ఇక లెక్క సెకన్లలోనే. ఈ భేదాలను నర్సు తడుముకొనకుండా చెప్పగలగాలి. తెరకు అంటిన తీగ ఊడినా గీతలు చెదరవచ్చును. అందుచేత ముందు రోగిని చూడాలి, తరువాత తెరను చూడాలి అన్నది ఈ విద్యలో తొలి సూత్రం.

ఫలితం ఏమైనది?

ఇటువంటి వార్డులు రాకమునుపు గుండెపోటుతో ఆస్పత్రిలో చేరినవారిలో నూటికి సుమారు 30 మంది అక్కడనే చనిపోయేవారు. వార్డులు వచ్చిన తరువాత ఆ సంఖ్య దాదాపు సగానికి తగ్గినది. 1967లో న్యూయార్క్‌కు చెందిన కిలిప్, కింబల్ అనే వైద్యులు 250 మంది రోగుల వివరాలు ప్రకటించారు. రక్తపోటు పూర్తిగా పడిపోయిన స్థితికి చేరనివారిలో మరణాలు నూటికి 26 నుండి 7కు దిగినవి. యంత్రాలు కొని గదిలో పెట్టినంత మాత్రాన ఈ ఫలితం రాదనీ, వాటి ప్రక్కన శిక్షణ, అధికారం రెండూ గల నర్సు ఉండాలనీ ఆ దశాబ్దపు అనుభవం నేర్పినది. కొద్ది సంవత్సరాలలోనే అమెరికాలోనూ ఇతర దేశాలలోనూ వందల కొలది ఆస్పత్రులు ఇటువంటి వార్డులు తెరిచినవి.

ఆనాడు నేర్పినదంతా నేటికీ నిలిచినదని అనుకొనరాదు. వేళ తప్పిన తరంగాలను మందులతో అణచివేస్తే ప్రకంపనం రాదని అప్పుడు గట్టిగా నమ్మేవారు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికాలో జరిపిన ఒక పెద్ద పరిశోధనలో, అటువంటి మందులు కొన్ని మరణాలను తగ్గించకపోగా పెంచినవని 1989లో వెల్లడి అయినది. గీత చక్కబడినంత మాత్రాన రోగి చక్కబడినట్లు కాదు. ఛాతీ నొక్కే వేగం కూడా మారినది. 1960లో నిమిషానికి సుమారు 60 సార్లు అన్నారు; నేటి నియమం 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు. మారనిదల్లా, గీతను చదవగల కన్ను, జాప్యం చేయని చేయి మంచం ప్రక్కన ఉండాలన్న సూత్రమే.

బొమ్మకు గుండె వచ్చినది

1960 దశాబ్దంలోనే బొమ్మ కూడా తెలివి నేర్చినది. 1967 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జడ్సన్ డెన్సన్, స్టీఫెన్ ఏబ్రహామ్‌సన్‌లు ‘సిమ్ వన్’ అనే బొమ్మను కంప్యూటరుతో నడిపించారు. అది ఊపిరి తీసేది, రెప్పలు వేసేది. దానికి గుండె కొట్టుకొనేది. కాని ఖర్చు విపరీతం కావడంతో అది ఒక్కదానితోనే ఆగిపోయినది. 1968లో మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గార్డన్ హృద్రోగాలకే ప్రత్యేకించిన ‘హార్వీ’ని ప్రదర్శించాడు. తన గురువైన ప్రోక్టర్ హార్వీ పేరును ఆయన దానికి పెట్టాడు. నాడి, మెడలోని సిర కదలిక, ఛాతీ అదురు, స్టెతస్కోపుకు వినిపించే చప్పుళ్ళు ఒక్కొక్క వ్యాధిలో ఎట్లా ఉంటవో అది చూపేది. ఎన్నడో గాని కనిపించని వ్యాధిని విద్యార్థి కోరినప్పుడల్లా పరీక్షించగలిగాడు. ఇరవయ్యొకటవ శతాబ్ది ఆరంభానికి, కంప్యూటర్లు చౌక కావడంతో, మాట్లాడే, మూలిగే, మందుకు తగినట్లు నాడి మారే బొమ్మలు నర్సింగు కళాశాలలకు చేరినవి.

బోధనయే పరిశోధన

ఖరీదైన బొమ్మ వచ్చినంత మాత్రాన విద్య వస్తుందా? ఈ ప్రశ్న నర్సింగు ఆచార్యుల చేతిలో ఒక పరిశోధనా రంగమైనది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పమేలా జెఫ్రీస్, ఆమె సహచరులు 2003లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఇ.సి.జి. తీయడాన్ని కొందరు విద్యార్థులకు మామూలు పద్ధతిలోనూ, కొందరికి కంప్యూటరు పాఠంతోనూ నేర్పి పోల్చి చూచారు. రెండు జట్లలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. సాధనం క్రొత్తదైనంత మాత్రాన గొప్పది కాదని, పాతదైనంత మాత్రాన తక్కువది కాదని ఇది తెలిపినది. 2005లో జెఫ్రీస్ అనుకరణ బోధనకు ఒక చట్రం ప్రతిపాదించినది. ఏమి నేర్పదలచినదీ ముందే స్పష్టంగా ఉండాలి. సన్నివేశం వాస్తవానికి దగ్గరగా ఉండాలి. విద్యార్థి తానే ఆలోచించి నిర్ణయించే సమస్య ఉండాలి. అవసరమైన చోట ఊతం ఉండాలి. చివర అందరూ కూర్చొని జరిగినదానిని చర్చించాలి.

ఈ చివరి అంశం చాలా ముఖ్యం. బొమ్మ గుండె ఆగినప్పుడు ఒక విద్యార్థిని కంగారుపడి విద్యుత్ యంత్రం కోసం పరుగెత్తవచ్చును, ఛాతీ నొక్కడం మరిచిపోవచ్చును. ఆట ముగిసిన తరువాత గురువు ఆమెను తప్పు పట్టక, ‘ఆ క్షణంలో నీవు ఏమి చూచావు? ఏమనుకొన్నావు?’ అని అడుగుతుంది. తప్పు వెనుక ఉన్న ఆలోచన బయటపడితేనే అది సరిదిద్దబడుతుంది. రోగి మంచం వద్ద జరిగిన తప్పు శోకమవుతుంది; బొమ్మ వద్ద జరిగిన తప్పు పాఠమవుతుంది.

నేర్చిన విద్య ఎంతకాలం నిలుస్తుందన్నది మరొక ప్రశ్న. పునరుజ్జీవన నైపుణ్యం కొద్ది నెలలలోనే సన్నగిల్లుతుందని అనేక పరిశీలనల్లో తేలినది. నర్సింగు ఆచార్యురాలు మారిలిన్ ఓర్‌మన్, ఆమె సహచరులు 10 విద్యాలయాలకు చెందిన 606 మంది విద్యార్థుల మీద దీనిని పరిశీలించి 2011లో ప్రకటించారు. ఒక జట్టు నెలకు ఒక్క 6 నిమిషాలు మాత్రం బొమ్మ మీద సాధన చేసినది. రెండవ జట్టు చేయలేదు. సంవత్సరం గడిచేసరికి మొదటి జట్టు నైపుణ్యం నిలిచినది, రెండవ జట్టుది జారినది. సంవత్సరానికి ఒకసారి పండుగ వలె జరిపే శిక్షణ కంటె నెలనెలా కొద్ది నిమిషాల సాధన మేలు. అనగననగ రాగ మతిశయిల్లుచునుండునన్న నానుడి ఛాతీ నొక్కడానికి కూడా వర్తిస్తుంది.

ఐతే బొమ్మ రోగికి బదులు కాగలదా? 2014లో అమెరికా నర్సింగు మండలుల జాతీయ సంస్థ 10 విద్యాలయాలలో జరిపిన అధ్యయన ఫలితాలు వెలువడినవి. చివరిదాకా పాల్గొన్నవారు 666 మంది. ఆస్పత్రి అనుభవంలో నాల్గవ వంతును కొందరికి, సగాన్ని కొందరికి అనుకరణ శిక్షణతో భర్తీ చేశారు. మామూలు పద్ధతిలో చదివినవారితో పోలిస్తే వీరి విజ్ఞానంలో గాని, పనిలో గాని లోపం కనిపించలేదు. ఇందులో సగం అన్న మాటను మరువరాదు. తక్కిన సగం నిజమైన రోగి వద్దనే గడిచినది. పైగా ఆ విద్యాలయాలలో నేర్పినవారు ఈ బోధనలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. బొమ్మకు భయం లేదు, ఇంట్లో ఎదురుచూచే పిల్లలు లేరు. చేయి పట్టుకొని ధైర్యం చెప్పడం మనిషి వద్దనే నేర్చుకొనాలి.

మన దేశంలో

భారతదేశంలో నర్సింగు పట్టభద్ర విద్య 1946లో ఢిల్లీ, వెల్లూరులలో మొదలైనది. 1947 చట్టం ద్వారా భారత నర్సింగు మండలి ఏర్పడినది. ఆ మండలి 2021లో ప్రకటించిన బి.ఎస్‌సి. నర్సింగు పాఠ్యప్రణాళికలో అనుకరణ బోధనకు, ప్రాథమిక హృదయ-శ్వాస పునరుజ్జీవన శిక్షణకు చోటు కల్పింపబడినది. హైదరాబాదులో 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ వలన ఆస్పత్రి బయట కూలిపోయిన రోగికి సహాయం అందే మార్గం ఏర్పడినది. కాని ఆ బండి వచ్చేదాకా గడిచే నిమిషాలు ఎవరివి? ప్రక్కన ఉన్నవారివి.

అందుచేతనే పాఠశాల పిల్లలకు ఈ విద్య నేర్పవలెనన్న పిలుపును 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించినది. ప్రక్కవాడు కూలి, పిలిచినా పలుకక, ఊపిరి మామూలుగా తీయకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యను రెండు చేతులతో గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కాలి. ఇది చదివితే తెలుస్తుంది. బొమ్మ మీద చేస్తేనే వస్తుంది. ఉన్నత పాఠశాల విజ్ఞాన సంఘం దగ్గరలోని నర్సింగు కళాశాల ఉపాధ్యాయులను ఆహ్వానించి ఒక పూట ఈ అభ్యాసం ఏర్పాటు చేసికొనవచ్చును. దానికి నెలకు 6 నిమిషాల సాధన తోడైతే, ఆపద వేళ విద్యార్థి చేతులు తడబడవు.

హార్ట్‌ఫర్డ్‌లో ఒక పాఠశాల అధ్యక్షురాలు బొమ్మను కోరినప్పుడు ఆమె కోరినది ఒక్కటే: నేర్చుకొనేవారి మొదటి తప్పు మనిషి మీద పడకూడదు. అర్ధశతాబ్దం తరువాత ఫిలడెల్ఫియా వార్డులో నర్సులకు అప్పగించినది కూడా ఒక్కటే: దగ్గరలో ఉన్నవారికే విద్యా, అధికారమూ ఉండాలి. ఈ రెండు కోరికలూ కలిసినచోట, డాక్టరు రాకకోసం ఎదురుచూచే నిమిషాలు చావుకు విడిచిన నిమిషాలు కాకుండా పోయినవి.